గది కట్టిద్దామా, టీచరమ్మ జీతం కడదామా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చదవడంలో, రాయడంలో ఇబ్బంది పడే పిల్లల కోసం ఒక కుటుంబం తన సొమ్ము ఇవ్వదలిస్తే ఏ దారిన ఇవ్వాలన్నది ఆ విషయం. అందుచేత మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి జాగా అంతా వీటికే ఇస్తున్నాము. పేర్లు ప్రచురించవద్దని ఎక్కువమంది కోరినందున ఊళ్ల పేర్లు మాత్రమే వేశాము.

ప్రశ్న: మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా రిటైరై, రెండేళ్ల కిందట కాలం చేశారు. ఆయన పేరిట ఏదైనా విద్యాదానం చేయాలని మేము ముగ్గురన్నదమ్ములం, మా చెల్లెలు కలిసి రూ.30 లక్షలు సమకూర్చుకున్నాం. మా తమ్ముడి కొడుక్కి, చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉందని మూడో తరగతిలో తెలిసింది. అది తెలిసేలోపు ఆ పిల్లవాడు తిన్న దెబ్బలు, పడిన మాటలు చూశాక, ఈ డబ్బు ఇటువంటి పిల్లలకే ఖర్చుపెట్టాలని అందరం ఒక్క మాట మీదికి వచ్చాం. మాకు ఊళ్లో 12 సెంట్ల స్థలం ఉంది. అందులో ఈ పిల్లల కోసం ప్రత్యేక పాఠశాల కట్టాలని మా అన్నయ్య, నాన్నగారు పనిచేసిన బడిలోనే ఒక గది కట్టించి ఆయన పేరు పెట్టాలని చెల్లెలు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ నలుగురూ ఒక్క మాట మీదికి రావడమే ఇందులో కష్టమైన భాగం, అది మీరు దాటేశారు. అయితే మీ అన్నగారి ఆలోచనకూ, చెల్లెలుగారి ఆలోచనకూ నేను ఒప్పుకోలేకపోతున్నాను. రెండింటిలోనూ డబ్బులో సింహభాగం సిమెంటుకు, ఇనుముకు పోతుంది. ఈ పిల్లలకు కావలసింది శిక్షణ పొందిన ఒక మనిషి, ఆ మనిషి సమయం.

ఎందుకో చెప్పాలంటే ఇబ్బంది ఎక్కడుందో ముందు చూడాలి. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు తెలివి తక్కువ కాదు, చూపు, వినికిడి సాధారణంగా బాగానే ఉంటాయి. మాటలోని ధ్వనులను విడదీసి, ఒక్కొక్క ధ్వనికి దాని అక్షరాన్ని జతపరిచే పని వారికి తేలిగ్గా సాగదు. ఈ పేరును 1880ల్లో మొదట వాడినవాడు రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి వైద్యుడు కావడం వల్లనో ఏమో, ఇది కంటి జబ్బు అన్న అపోహ నేటికీ వదలలేదు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 ఏళ్ల పెర్సీ అనే కుర్రవాడి గురించి రాశాడు. పాఠమంతా నోటితోనే చెప్పేటట్లయితే బడిలో అందరికంటే చురుకైన కుర్రవాడు వీడే అయ్యేవాడని పెర్సీ గురువు అన్న మాటను కూడా ఆయన అందులో నమోదు చేశాడు. నూట పాతికేళ్లు దాటినా మన టీచర్లు అదే మాట అంటున్నారు, కాకపోతే చాలామంది దాని చివర ‘కానీ బద్ధకం’ అని చేరుస్తున్నారు.

కొన్నాళ్ల కిందట ఒక మండల కేంద్రంలోని ప్రభుత్వ పాఠశాలలో నేనొక నాలుగో తరగతి పిల్లవాణ్ణి చూశాను. తమ పొలంలో బోరు మోటారు కాలిపోతే వాళ్ల తాత దాన్ని ఎలా పైకి లాగించాడో, తీగ చుట్టించడానికి ఎంత అడిగారో, నీళ్లు రాని ఆ నాలుగు రోజులూ మిరప తోట ఏమైందో ఆ అబ్బాయి పది నిమిషాలు ఏకబిగిన చెప్పాడు. అదంతా రాసి చూపించమంటే మూడు వరుసలు రాయడానికి అరగంట పట్టింది. ‘అమ్మ’ ‘అమ’ అయింది, ‘పుస్తకం’ ‘పుసకం’ అయింది, ‘తాత’లో ‘తా’ దీర్ఘం కోల్పోయింది, ప, వ, ష, స అనే నాలుగూ ఒకదాని చోటులో ఒకటి కూర్చున్నాయి. రాసేది అలాగే పలికే భాష కాబట్టి తెలుగులో ఈ సమస్య రాదని కొందరు అనుకుంటారు. ధ్వనికీ అక్షరానికీ పొత్తు కుదిరిన లిపుల్లో ఇది తప్పుగా చదవడం కంటే మరీ నెమ్మదిగా చదవడం రూపంలో ఎక్కువగా కనబడుతుంది. మన గుణింతాలు, ఒత్తులు కలిసి గుర్తుపెట్టుకోవలసిన ఆకారాలను వందల్లోకి తీసుకుపోతాయి గనుక, మూడో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లవాడి వెనకబాటు దాచినా దాగదు.

ఆ పిల్లవాడి పక్కన వారానికి నాలుగు రోజులు ఒక టీచరమ్మ కూర్చుంటోంది. ‘పలక’ అని పలికించి, అందులో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుందని అడుగుతోంది. ఒక్కొక్క ధ్వనికి ఒక చింతగింజ జరిపిస్తోంది. పళ్లెంలో పోసిన ఇసుక మీద అక్షరాన్ని పైకి పలుకుతూ వేలితో దిద్దిస్తోంది. చూడటానికి మన పాత వీధిబడిలో ఇసుకలో దిద్దించినట్లే ఉంటుంది గానీ, దీని వెనక ఒక క్రమం ఉంది. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, అన్నా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్ అనే ఉపాధ్యాయినులు గత శతాబ్దం పూర్వార్ధంలో రూపొందించిన పద్ధతి అది. కన్ను, చెవి, చెయ్యి మూడూ ఒకేసారి పనిచేయాలి. తేలికైనది పట్టుబడ్డాకే దాని పై మెట్టు ఎక్కాలి. నిన్నటిది ఇవాళ మళ్లీ చేయాలి. ఇద్దరు ముగ్గురు పిల్లల కంటే ఎక్కువమందితో ఈ పని కాదు, ఆరు నెలల్లో పూర్తయ్యేదీ కాదు. దీనికి కావలసిన గది ఏ బడిలోనైనా ఉంటుంది. నేను చూసిన పాఠం మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టే గదిలో, ఒక చాప మీద జరిగింది.

ఇక మీ అన్నగారి ప్రత్యేక పాఠశాల సంగతి. రూ.30 లక్షలతో కట్టడం మొదలవుతుంది గానీ బడి నడవదు. మూడో ఏట జీతాలకు ఫీజులు వసూలు చేయక తప్పదు, అప్పుడు మీరు ఎవరి కోసం తలపెట్టారో ఆ పిల్లలు గేటు బయటే ఉండిపోతారు. పైగా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ పిల్లలు తోటివారితో కలిసి మామూలు బడిలోనే చదవాలన్న దృష్టితో తయారైంది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలను వీలైనంత ముందుగా గుర్తించి, తగిన బోధన పద్ధతులు చేపట్టే బాధ్యతను అది బడుల మీదే పెట్టింది. మీ బడి పిల్లల్ని అందరూ ఫలానా బడి పిల్లలు అని వేలెత్తి చూపే పరిస్థితి మీరు కోరుకోరని నాకు తెలుసు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రూ.30 లక్షలను మూలధనంగా ఉంచి, 7 శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి రూ.2,10,000, అంటే నెలకు రూ.17,500. ఒక ప్రత్యేక ఉపాధ్యాయినికి పూర్తికాలం జీతం ఇవ్వడానికి అది చాలదు. అదే సొమ్మును, అసలుతో సహా పదేళ్లలో ఖర్చుపెట్టేయాలని నిర్ణయించుకుంటే, అదే వడ్డీ లెక్కన ఏటా సుమారు రూ.4,27,000 చేతికి వస్తుంది, నెలకు రూ.35,000 పైచిలుకు. మన ఇళ్లలో ‘అసలు ముట్టుకోకూడదు’ అనే మాటకు చాలా గౌరవం ఉంది. కానీ ఇవాళ రెండో తరగతిలో ఉన్న పిల్లవాడికి శాశ్వత నిధి ఒరగబెట్టేది ఏమీ లేదు. వాడికి రాబోయే మూడు నాలుగేళ్లే ముఖ్యం. పదేళ్లపాటు బలంగా సాగే ఒక పని, వందేళ్లపాటు నీరసంగా ఈడ్చే పని కంటే మేలని నా అభిప్రాయం. మీ నాన్నగారు ప్రధానోపాధ్యాయులు గనుక ఆయనా ఇదే అనేవారని ఊహించే సాహసం చేస్తున్నాను.

కుటుంబాలు ఈ దారిన నడిచిన ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెరికాలో షేర్ల వ్యాపారంలో పేరు మోసిన చార్లెస్ ష్వాబ్ స్టాన్‌ఫర్డ్‌లో చదివే రోజుల్లో మొదటి ఏడాది ఇంగ్లీషు తప్పినవాడు. తాను ఎందుకు తప్పాడో ఆయనకు నడివయసు దాకా తెలియలేదు. కొడుక్కి చదువులో ఇబ్బంది వచ్చి పరీక్ష చేయిస్తే డిస్లెక్సియా అని తేలింది, ఆ లక్షణాలు వింటుంటే తన చిన్నతనమే కళ్లముందు కదిలిందని ఆయన పలుమార్లు చెప్పుకున్నాడు. ఇది కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఎక్కువ కనుక, బిడ్డ ద్వారా తండ్రి తనను తాను గుర్తుపట్టడం కొత్త విషయమేమీ కాదు. ఆ దంపతులు, చార్లెస్, హెలెన్, 1980ల చివర్లో మొదట పెట్టింది బడి కాదు. దిక్కుతోచక తిరిగే తల్లిదండ్రులు వచ్చి కూర్చుని, అడిగి, తెలుసుకునే ఒక సమాచార కేంద్రం. తరువాత అదే పనిని ఇంటర్‌నెట్‌లోకి తెచ్చి ఉచితంగా అందించారు. విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు 2 కోట్ల డాలర్లు ఇవ్వడం చాలా కాలం తరువాతి మాట. మనకు ఆ డాలర్లతో పోలిక లేదు, కానీ వారు ఎంచుకున్న వరుస గమనించదగ్గది. తమ ఇంట్లో ఏది లోటుగా ఉండిందో ముందు దాన్ని పూరించారు. మీ తమ్ముడిగారి ఇంట్లో, పిల్లవాడి ఇబ్బంది ఏమిటో తెలియని రోజుల్లో, లోటుగా ఉన్నది ఏమిటి? గదా? పేరు చెప్పి, భరోసా ఇచ్చే మనిషా?

మన దగ్గర కూడా ఇటువంటి పని ఎక్కువగా తల్లిదండ్రుల చొరవతోనే మొదలైంది. చెన్నైలో 1990ల తొలినాళ్లలో పుట్టిన మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్, ముంబయిలో 1996లో తల్లిదండ్రులు ఆరంభించిన మహారాష్ట్ర డిస్లెక్సియా అసోసియేషన్ ఇందుకు సాక్ష్యం. చెన్నై సంస్థ బడుల్లోని మామూలు టీచర్లకు శిక్షణ ఇవ్వడం, బడి లోపలే ఈ పిల్లల కోసం రిసోర్స్ రూములు నడిపించడం మీద దృష్టి పెట్టింది. మీరు ఒక రోజు బండెక్కి చెన్నై వెళ్లి, అక్కడి పని కళ్లారా చూసి వస్తే నేను రాసే పది పేజీల కంటే ఎక్కువ తెలుస్తుంది.

నేను మీ స్థానంలో ఉంటే చేసేది ఇది. నాన్నగారు పనిచేసిన మండలంలోనే దగ్గరదగ్గరగా ఉన్న మూడు నాలుగు ప్రాథమిక బడులు ఎంచుకుంటాను. ప్రత్యేక ఉపాధ్యాయులను నమోదు చేసే భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉన్న ఒక ప్రత్యేక ఉపాధ్యాయినిని, వీలైతే ఆ ప్రాంతపు మనిషినే, ఈ పని బాగా నడిపే ఒక సంస్థ ద్వారా నియమింపజేస్తాను. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రం సిబ్బందితో ముందే మాట్లాడతాను, ఎందుకంటే వారిని కాదని చేసే పని రెండో ఏడాదికల్లా ఒంటరి అవుతుంది. మొదటి ఏడాది సొమ్ములో కొంత, ఒకటి నుంచి మూడు తరగతుల టీచర్లందరికీ ఈ పిల్లల్ని గుర్తుపట్టే శిక్షణకు పెడతాను. కొంత తెలుగులో మెట్టుమెట్టుగా సాగే చిన్న వాచకాలకు పెడతాను, ఒత్తులు లేనివి ముందు, ద్విత్వాలు తరువాత, సంయుక్తాలు ఆ తరువాత. ఈ వాచకాల విషయంలో మన భాష వెనకబడే ఉంది. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో భారతీయ భాషల కోసం డిస్లెక్సియా పరీక్ష సాధనాలు విడుదల చేసినప్పుడు హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు ఉన్నాయి గానీ ఆ మొదటి జాబితాలో తెలుగు లేదు.

చెల్లెలుగారికి ఒక మాట. మన బడుల్లో గోడల మీద, మెట్ల మీద, చివరికి ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు ఉంటాయి. ఫ్యాను తిరిగినంతసేపు ఆ పేరు ఎవరికీ కనబడదు. నాన్నగారి పేరు ఆ ఉద్యోగానికి పెట్టండి. ‘ఫలానా మాస్టారి స్మారక ఉపాధ్యాయిని’ అన్న మాట పదేళ్లపాటు నాలుగు బడుల్లో, వందల ఇళ్లలో నలుగుతుంది.

ప్రశ్న: (ఇది కూడా తెనాలి పాఠకుడిదే) ట్రస్టు పెట్టక తప్పదా? పెడితే, మా తమ్ముడి కొడుకు చదువు ఖర్చు కూడా అందులోనుంచే ఇవ్వవచ్చా?

జవాబు: రెండో దానికి ముందు చెబుతాను: ఇవ్వకూడదు. ధర్మ ట్రస్టు ఆదాయాన్ని దాన్ని స్థాపించినవారికి, వారి దగ్గరి బంధువులకు లాభం కలిగేలా వాడితే ఆ మేరకు ఆదాయపు పన్ను మినహాయింపు పోతుంది. తోబుట్టువుల సంతానం కూడా ఆ బంధువుల లెక్కలోకి వస్తుంది. ఆ పిల్లవాడి ఖర్చు మీ జేబుల్లోంచి పెట్టుకోండి. మీరు నియమించిన టీచరమ్మ చేతే ఊరికే చెప్పించినా అది అంతే.

ట్రస్టు పెట్టడం తప్పనిసరి ఏమీ కాదు. దస్తావేజు రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖలో రిజిస్ట్రేషన్, ఏటా లెక్కలు, ఆడిటరు ఫీజు, ఆదాయంలో కనీసం 85 శాతం ధర్మకార్యానికి వినియోగించాలన్న నియమం, ఇవన్నీ నలుగురు ఉద్యోగస్థులు రూ.30 లక్షల కోసం మొయ్యవలసిన బరువా అన్నది ఆలోచించుకోండి. సొమ్మును మీ పేర్ల మీదే డిపాజిట్లలో ఉంచి, మంచి సంస్థ ఒకదానికి ఏటా ఇంత ఇస్తామని పదేళ్లకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే సరిపోతుంది. వడ్డీ మీద పన్ను మీరే కట్టుకోవాలి నిజమే. ఆ సంస్థకు, విరాళాల మీద పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు (80జి అని పిలిచేది) ఉంటే పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఇచ్చిన సొమ్ములో సాధారణంగా సగానికి మినహాయింపు వస్తుంది, కొత్త విధానం ఎంచుకున్నవారికి రాదు. రూ.2,000 మించి నగదుగా ఇస్తే ఎవరికీ రాదు. ఒప్పందంలో ఒక వాక్యం మాత్రం మరవకండి: టీచరమ్మ మానేస్తే ఎన్ని రోజుల్లో మరొకరిని పెడతారన్నది. ఈ పనిలో నేను చూసిన వైఫల్యాల్లో ఎక్కువ అక్కడే జరిగాయి.

ప్రశ్న: మేము డల్లాస్‌లో స్థిరపడి పద్దెనిమిదేళ్లయింది. నాకు, నా భార్యకు అమెరికా పౌరసత్వం వచ్చింది. మా పాపకు ఇక్కడి బడిలో డిస్లెక్సియా గుర్తించి, ఖర్చు లేకుండా ప్రత్యేక బోధన ఇచ్చారు. వరంగల్ దగ్గర మా ఊరి బడిలో అటువంటి ఏర్పాటు కోసం ఏటా కొంత పంపాలనుకుంటున్నాం. మా తమ్ముడి ఖాతాకు వేస్తే వాడు ఊళ్లో ఉన్న సంస్థకు ఇస్తానంటున్నాడు. ఇది సరైనదేనా?

జవాబు: వద్దు. మీ మనసు మంచిదే, దారే చిక్కుల్లో పడేస్తుంది. భారత పౌరసత్వం ఉన్నవారు, విదేశంలో ఉన్నా సరే, తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. పౌరసత్వం మారినవారు, భారత మూలాలున్న విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నప్పటికీ, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం లెక్కలో విదేశీ మూలమే. అప్పుడు సొమ్ము పుచ్చుకునే సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండి తీరాలి. ఆ డబ్బు న్యూఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. బంధువుకు బంధువు ఇంటి ఖర్చుకు పంపుకోవడం వేరు, ఒక సంస్థకు చేర్చడం కోసమే తమ్ముడి ఖాతాను వాకిలిగా వాడుకోవడం వేరు. చిక్కు వస్తే మీ తమ్ముడికీ, ఆ సంస్థకూ వస్తుంది, మీకు కాదు. 2020 సవరణ తరువాత, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తాను పుచ్చుకున్న విదేశీ సొమ్మును మీ ఊళ్లోని చిన్న సంస్థకు బదిలీ చేయడానికి కూడా వీల్లేదు. కనుక రిజిస్ట్రేషన్ ఉండి, స్వయంగా మీ జిల్లాలో పనిచేసే సంస్థనే వెతుక్కోవాలి. అక్కడి పన్ను మినహాయింపు కావాలనుకుంటే నేరుగా ఇక్కడికి పంపితే రాదు, అమెరికాలో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ ద్వారా పంపాలి.

డబ్బు కాక మరొకటి మీ దగ్గర ఉంది. మీ పాపకు బోధించిన తీరు, ప్రతి ఏడూ బడితో కూర్చుని రాసుకున్న లక్ష్యాల కాగితాలు, ఇంట్లో మీరు చేసిన సాధన. ఈసారి ఊరికి వచ్చినప్పుడు అవి వెంట తెచ్చి, మీ బడి టీచర్లతో ఒక పూట కూర్చోండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరును. మా ఊరి దాత ఒకరు మా బడిలో చదవలేని పిల్లలకు రంగు కళ్లద్దాలు, పది ట్యాబ్‌లు ఇస్తామంటున్నారు. కాదంటే నొచ్చుకుంటారేమో. – శ్రీకాకుళం జిల్లా

జవాబు: రంగు అద్దాలు మర్యాదగా వద్దనండి. రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాకు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, కంటి వైద్యుల సంఘాలతో కలిసి 2009లోనే ప్రకటించింది. ఆ సొమ్ముతో బడి పిల్లలందరికీ మామూలు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించమని అడగండి. చూపు సరిగా లేక చదవలేని పిల్లలు వేరుగా తేలిపోతారు, అది అవసరమైన పనే, దాతకూ తృప్తిగా ఉంటుంది. ట్యాబ్‌లు పది అక్కరలేదు, రెండు చాలు: ఒకటి ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో పిల్లల వైకల్య లక్షణాల ప్రాథమిక పరిశీలన నమోదు చేయడానికి, ఒకటి పెద్ద పాఠాలను చదివి వినిపించడానికి. యాప్ ఇచ్చేది అనుమానం మాత్రమే, నిర్ధారణ కాదని తల్లిదండ్రులకు చెప్పడం మీ పని.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ప్రైవేటు బడిలో నాలుగో తరగతి. చదవలేకపోతున్నాడని, వేరే బడి చూసుకోమని యాజమాన్యం అంటోంది. పరీక్ష చేయించడానికి అడిగిన ఫీజు మా వల్ల కాదు. ఇటువంటి ఖర్చు భరించే దాతలు ఎవరైనా ఉన్నారా? – కరీంనగర్

జవాబు: అమ్మా, దాత కోసం ఎదురుచూస్తూ ఈ ఏడాది పోగొట్టుకోవద్దు. అభ్యసన వైకల్యం 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటి. 1995 నాటి పాత చట్టంలో దీనికి చోటు లేదు, కొన్ని బడులు ఇంకా ఆ పాత కాలంలోనే ఉన్నాయి. ఆ కారణం చూపి బిడ్డను పొమ్మనడం కుదరదని రాతపూర్వకంగా అడగండి. రాతలో అడిగితే చాలాచోట్ల స్వరం మారుతుంది. ప్రభుత్వ ఆస్పత్రి ద్వారా వెళితే పరీక్షకు ప్రైవేటులో అడిగేంత ఖర్చు ఉండదు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు అభ్యసన వైకల్య ధ్రువపత్రం ఇస్తారు, 14 ఏళ్లప్పుడు, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షించాలి, 18 ఏళ్లకు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. పిల్లల వైద్యుడు, సైకాలజిస్టు ఇద్దరూ చూడాలి కనుక ఒక్క రోజులో తేలదు, ఓపిక పట్టండి. వైకల్య ధ్రువపత్రాలిచ్చే శిబిరం గురించి, మీ మండలంలోని భవిత కేంద్రం గురించి మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో అడిగితే చెబుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాలున్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలో (ఎన్‌ఐఈపీఐడీ) కూడా విచారించండి. ధ్రువపత్రం చేతికొచ్చాక, పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, లేఖరి వంటి వెసులుబాట్లకు బడి ద్వారా ముందుగానే దరఖాస్తు చేయించాలి. ఆఖరి నెలలో పరుగెత్తితే పని జరగదు.

ఈ ఉత్తరాన్ని తెనాలి కుటుంబం కూడా చదువుతుందని ఆశిస్తున్నాను. జిల్లా ఆస్పత్రికి రెండుమూడుసార్లు తిరగడానికి బస్సు చార్జీలు, ఆ రోజు పోయే కూలి, ఇవి పెట్టుకోలేకనే చాలామంది తల్లులు సగంలో ఆగిపోతారు. వాటికోసం ఏడాదికి ఒక చిన్న మొత్తం పక్కన పెడితే, తక్కువ ఖర్చుతో ఇంత పని చేసేది మరొకటి నాకు తోచడం లేదు.

ప్రశ్న: (తెనాలి పాఠకుడి చెల్లెలు విడిగా రాసినది) గదికి కాక టీచరమ్మ జీతానికే ఇస్తే, ఏడాది తరువాత మా డబ్బు పనిచేసిందో లేదో మాకెలా తెలుస్తుంది? పిల్లల ఫొటోలతో ఒక నివేదిక అడగవచ్చా?

జవాబు: నివేదిక అడగండి, ఫొటోలు వద్దు. పల్లెటూళ్లో ‘చదువు రాని పిల్లల’ ఫొటో అని ఒక్కసారి బయటికి వస్తే ఆ ముద్ర పెళ్లి సంబంధాల దాకా వెంటాడుతుంది. మార్కులు కూడా అడగవద్దు. ఇంగ్లీషులో 12 నుంచి 19కి వచ్చినా కాగితం మీద తప్పినట్లే కనబడుతుంది, ఆ ఏడు మార్కుల వెనక ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

జూన్‌లో ప్రతి పిల్లవాడి చేత వాడి స్థాయి కథ ఒకటి ఒక్క నిమిషం బిగ్గరగా చదివించి, ఎన్ని మాటలు సరిగా చదివాడో రాసుకుని, గొంతు రికార్డు చేసి పెట్టమనండి. మార్చిలో అదే కథ, దానితోపాటు చూడని కథ ఒకటి, మళ్లీ ఒక్కొక్క నిమిషం. పేరు లేకుండా వరుస సంఖ్యతో ఆ అంకెలు పంపితే చాలు. దానికి తోడు బడి మానేసినవారు ఎందరు, టీచరమ్మ ఎన్ని రోజులు వచ్చింది, ఈ పద్ధతి నేర్చుకున్న మామూలు టీచర్లు ఎందరు, ఈ మూడూ అడగండి. మొదటి ఏడాది అంకెలు మిమ్మల్ని నిరుత్సాహపరచవచ్చు. రెండో ఏడాది దాకా ఏ మార్పూ అడగవద్దు.

చూడాలనిపిస్తే తప్పక వెళ్లండి, కానీ మార్చిలో రికార్డింగు జరిగే రోజున మాత్రం వెళ్లకండి. కొత్తవాళ్లు గదిలో ఉంటే ఈ పిల్లలకు వచ్చింది కూడా నోటికి రాదు. మరో రోజు చూసుకుని, మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక వెళ్లి, వాళ్లతో కూర్చుని ఏవైనా కబుర్లు చెప్పించుకోండి.